ఐరీనవ్వ పట్టిన తాంబూలం

స్వర్ణముఖిలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, మా మేడమ్ చీర పొడవున్న గుడ్డను జాడిస్తూ ఉంది. ఒడ్డున బండ మీద కూర్చుని ఎవరో పిల్ల ఆమెను అదిలిస్తూ ఉంది.

"అవ్వా, ఆ మూల ఇంకా మరక పోలా. మళ్లా జాడించు."

సైకిలు ఇసుకలో పడేసి పరిగెత్తాను. ఐరీన్ మేడమ్‌కు అరవై ఏడేళ్లు. స్కాట్లాండులో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా చేసి, రిటైరై, భర్త పోయాక, శేష జీవితం పల్లెలో గడుపుదామని శ్రీకాళహస్తి పక్కనున్న మా ఊరికి వచ్చిన మనిషి. మా మేడ మీదే ఉంటుంది.

"పెద్దామె చేత గుడ్డలు ఉతికిస్తావా? భయం భక్తీ ఉండాదా నీకు?" అన్నాను.

ఆ పిల్ల నన్ను కింది నుంచి పైదాకా చూసింది. వేళ్ల కొనలకు కలంకారీ నలుపు అంటి ఉంది. "ఆమెను చెంబెడు నీళ్లు గూడా ఎత్తనీకుండా చేసేది నువ్వేనా?"

"నేనే. ఆమె ఎందుకు ఎత్తాల?"

"అట్లయితే పోయి టెంకాయ కొట్టి, హారతిచ్చి, గుడి తలుపు మూసుకోప్పా. ఆమెకు ఈడ పనుండాది."

నీళ్లలో మేడమ్ పగలబడి నవ్వింది. ఆమె పది నెలలుగా మా ఇంట్లో ఉంది. ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. నాకు చెప్పలేనంత కుళ్లు పుట్టింది.

ఆ పిల్ల పేరు లోహిత. కాళహస్తిలో కలంకారీ వేసే ఆదిమూలం గారి కూతురు. శ్రీరామనవమికి మా ఊరి రామాలయంలో స్వామి వెనక కట్టడానికి సీతారాముల కల్యాణం తెర వేస్తూ ఉందట. రంగు వేసినప్పుడల్లా ఆ గుడ్డను పారే నీళ్లలో జాడించాలట; ఏటి వైపు నడకకు వచ్చిన మేడమ్ తనే అడిగి ఆ పనిలో దిగిందట. అవన్నీ తర్వాత తెలిసినవి. ఆ రోజు తెలిసింది మాత్రం ఆమెకు నోరు ఎక్కువ, కళ్లు ఇంకా ఎక్కువ అని.

మా సంగతీ చెప్పాలి. మా నాయన గంగాధరం గారికి ఇంటికి వచ్చిన మనిషంటే దేవుడితో సమానం. మేడమ్ కోసం తిరుపతి నుంచి వారం వారం బ్రెడ్డు తెప్పించేవాడు. ఊడ్చి ముగ్గు వెయ్యడానికి అలివేలమ్మను పెట్టాడు. ఒకరోజు మేడమ్ చీపురు పట్టుకుంటే అలివేలమ్మ దాన్ని లాక్కుని, తనకు పాపం చుట్టుకుంటుందని ఏడ్చింది. ఆ తర్వాత ఆమె చీపురు జోలికి పోలేదు. పొద్దంతా చేతులు ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చునేది. అదే ప్రశాంతత అనుకున్నాం.

టౌనులో నాకొక ఎస్టీడీ బూత్ ఉండేది. ఆదివారాలు మేడమ్ అక్కడి నుంచే వాళ్ల చెల్లెలికి ఫోను చేసేది. బూత్ తలుపు సరిగా పడదు, మాటలు చెవిన పడతాయి. నది ఒడ్డున గొడవకు ముందు ఆదివారం ఆమె అన్న మాటలు నా టెంత్ క్లాసు ఇంగ్లీషుకు కూడా అర్థమయ్యాయి. "వీళ్లు మరీ మంచివాళ్లు. నాకు చెయ్యడానికేమీ లేదు. జూన్‌లో వీసా అయిపోతుంది, ఇంటికి వచ్చేస్తాను."

నాయనకు చెబితే పళ్లెం ముందు నుంచి లేచిపోయాడు. "ఏం తక్కువ చేసినామురా హరీ?" అన్నాడు. ఇద్దరం ఆలోచించి, మర్నాడే ఫ్రిజ్ కొన్నాం.

ఆ రోజు ఒడ్డున నా నోట ఈ ఫ్రిజ్ మాట విని లోహిత బండ మీద నుంచి పడబోయింది. నవ్వు ఆగాక నెమ్మదిగా అంది. "ముప్పై ఏండ్లు రోగుల్ని లేపి కూర్చోబెట్టిన చేతులప్పా అవి. ఊరికే ఉండమంటే ఎట్ల ఉంటాయి?"

ఆ మాటకు జవాబు వెతుక్కుంటున్నట్టుగా రోజూ ఏటి ఒడ్డుకు పోవడం మొదలుపెట్టాను. రంగు పట్టేలా గుడ్డను నానబెట్టడానికి కరక్కాయలు దంచాను. అందులో కలిపే పాలు మోశాను. ఎన్ని మోసినా లోహిత నన్ను మెచ్చుకున్నది లేదు. మేడమ్‌ను అవ్వా అని పిలవడం నాకూ అలవాటైంది.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన పడింది. ఇసుకలో ఆరేసిన తెరను చుట్టుకుని ముగ్గురం ఒకే టార్పాలిన్ కింద దూరాం. మధ్యలో అవ్వ. ఆమె నా వంక చూసింది, లోహిత వంక చూసింది. "మా ఊర్లో దినమూ వానే. నాకేం కాదు," అని బయటికి నడిచి వానలో నిలబడింది. ఆమె నోట ఈ యాస లోహిత నేర్పిందే.

మధ్యలో జాగా అలాగే ఉండిపోయింది. లోహిత జడ నుంచి నీళ్లు కారుతున్నాయి.

"నవమికి తెర అయిపోతాది," అన్నాను. "ఆపైన ఏం సాకు చెప్పి రావాల నేను?"

ఆమె తెర మడతలు సర్దుతూ, తల ఎత్తకుండా అంది. "సాకులెందుకు? మా ఇంటికి పెద్దోళ్లని పంపించు."

అక్కడే వచ్చింది చిక్కు. పిల్లనడగడానికి మగవాళ్లే పోతే మా వైపు మర్యాద కాదు. ఇంటి ఆడమనిషి తాంబూలం పళ్లెం పిల్ల తల్లి చేతిలో పెట్టాలి. మా అమ్మ నేను టెంత్‌లో ఉండగానే పోయింది. మేనత్తలు లేరు. ఐరీనవ్వ పేరు ఎత్తాను. భర్త పోయిన మనిషి శుభానికి పళ్లెం పడితే ఎట్లరా అన్నాడు నాయన. కోపంతో కాదు, అదొక్కటే ఆయనకు తెలిసిన పద్ధతి.

నవమి వచ్చింది. సీతారాముల వెనక తెర కట్టారు. హారతి వెలుగులో కల్యాణం కదిలినట్టుంది. అందరూ కళ్లు మూసుకున్నా నాయన తెరనే చూస్తున్నాడు.

"దీన్ని ఎన్నిసార్లు జాడించినార్రా?"

"ఇరవై సార్లకు తక్కువుండదు నాయనా."

"ఎవరు?"

"ఐరీనవ్వే."

నాయన స్వామి వైపు తిరిగాడు. "నీ పెండ్లికి పనికొచ్చిన చేతులు నా కొడుకు పెండ్లికి పనికిరావంటే, అది నీ మాటా, నా మాటా తండ్రీ?" అని మెల్లగా అడిగాడు. స్వామి ఏం చెప్పాడో తెలియదు. నాయన గుడి నుంచి నేరుగా మేడ మెట్లెక్కాడు.

"అమ్మా, మా ఇంట్లో ఆడదిక్కు లేదు. మీరొక పని చేసిపెట్టాల."

మేము ఆమెను ఒక పని అడగడం అదే మొదటిసారి. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. పళ్లెం ఎట్లా పట్టాలో అడిగి, వరండాలో నాలుగు సార్లు నడిచి చూసుకుంది.

లోహిత వాళ్ల అమ్మ కుప్పమ్మ గారు గుమ్మంలో నిలబడి అవ్వ ఖాళీ నుదుటి వైపు చూశారు. పళ్లెం అందుకోలేదు. అవ్వకు ఆ చూపు అర్థమైందో లేదో, పళ్లెం పట్టుకునే చెప్పింది.

"మా పిల్లోడు మంచోడు. నేర్పిస్తే పని చేస్తాడు. నేర్పించే పిల్ల కావాల."

తలుపు వెనక ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. కుప్పమ్మ గారు లోపలికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చారు. అవ్వ నుదుట బొట్టు పెట్టి, అప్పుడు పళ్లెం అందుకున్నారు.

ఆ ఆదివారం బూత్‌లోంచి మాటలు మళ్లీ వినిపించాయి. "జూన్‌లోనా? కుదరదు. మా ఇంట్లో పెళ్లి. అన్నింటికీ నన్నే పిలుస్తున్నారు." బయటికి వచ్చి, వీసా పొడిగించే కాగితాలు చిత్తూరులో ఎక్కడిస్తారని అడిగింది.

పెళ్లయిన నెలకు లోహిత కొత్త తెర మొదలుపెట్టింది. ఇప్పుడు మోకాలి లోతు నీళ్లలో నేనున్నాను. బండ మీద ఇద్దరు కూర్చున్నారు.

"ఆ మూల ఇంకా మరక పోలా," అంది ఐరీనవ్వ. "మళ్లా జాడించు."