క్రోనర్ గారి ఫలిత బలం

"క్రోనర్ ముఠాలోకి మనం పంపిన బురుల్ ఇంకా మనతో ఉందో, వాళ్లతో ఉందో తేల్చు. వాళ్లతో ఉంటే ముందు ఆమెనే కాల్చు" అన్నాడు కర్నల్ ఒమురాలియెవ్. కిర్గిజ్ భద్రతా శాఖలో బ్రీఫింగ్ అంటే అంతే.

ఏజెంట్ కుబాత్ గొర్రెల బేరగాడి వేషంలో కనుమ ఎక్కాడు. మధ్యాహ్నానికల్లా అతని పెట్టుడు గడ్డం క్రోనర్ జేబులో ఉంది. అతను మాత్రం బ్రేకులు తెగ్గోసిన పాత కారులో, డ్రైవర్ సీటుకు కాళ్లూ చేతులూ కట్టేసి ఉన్నాడు. స్టీరింగ్‌ను కూడా కదలకుండా బిగించారు. బంపర్ నిండా పేలుడు మందు. దేనికి తగిలినా పేలుతుంది.

కింద, తిన్నగా దిగే రోడ్డు చివర వంతెన. దాని మీద రెండు దేశాల ఇంజనీర్లు నీటి ఒప్పందానికి సంతకాలు పెట్టబోతున్నారు. వాళ్లు చస్తే యుద్ధం. యుద్ధమొస్తే క్రోనర్ ముఠాకు పండగ.

ఇలాంటి మనుషులు పాఠం చెప్పకుండా చంపలేరు. క్రోనర్ ట్యాబ్లెట్ తీశాడు.

"వాలు వెంట కిందికి లాగే బలం ఆరు వందల డెబ్బై న్యూటన్లు. టైర్ల నిరోధం రెండు వందల ఇరవై, గాలిది నూట యాభై, రెండూ వెనక్కి. తీసేస్తే మూడు వందలు ముందుకే. అదే నీ మీది ఫలిత బలం. ఇంజన్ అక్కర్లేదు."

నక్క తోలు టోపీలో మెరిసిపోతున్న బురుల్ చక్రం పక్కన కూర్చుని అగ్గిపుల్లతో గాలి తీస్తోంది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు క్రోనర్.

"పైన మంచు పడింది. టైర్లలో గాలి తియ్యకుండా ఇక్కడ ఎవడూ కనుమ దిగడు. దారిలో పోలీసోడికి అనుమానం వస్తే మీ ఇష్టం."

"కొండజాతి చాదస్తం! కానీ, కానీ." తల కూడా ఎత్తలేదు. ఒకసారి కట్టిన లెక్కను మళ్లీ చూసుకోవడం అతనికి నామోషీ.

కుబాత్ అసహ్యంతో ఉమ్మాడు. "మీ నాన్న గుర్రాలు కాశాడు. నువ్వు తోడేళ్లకు కాపలా కాస్తున్నావా?"

"నోరు మూసుకో అన్నా, పళ్లు చల్లబడతాయి" అంటూ నాలుగో చక్రం దగ్గరికి నడిచింది.

కారును తోశారు. మొదటి ఏటవాలులో అది వేగం అందుకుంది. చెక్‌పోస్టు దగ్గర పోలీసు మెత్తబడ్డ టైర్లు చూసి, బుద్ధిమంతుడే అన్నట్టు చెయ్యి ఊపాడు. కుబాత్‌కు ఏడుపొచ్చింది.

అంతలో చక్రాలు మూలగడం మొదలుపెట్టాయి. చప్పబడిన రబ్బరు ప్రతి చుట్టుకూ నలిగి వేగాన్ని మింగుతోంది. ముందుకు లాగే బలాన్ని వెనక్కి లాగేది మించిపోయింది. స్పీడు ముల్లు పడిపోతోంది. అప్పుడర్థమైంది అతనికి బురుల్ ఎవరి మనిషో. ఆమెను చూసి ఉమ్మినందుకు సిగ్గేసింది.

వంతెన మీది టేబుల్‌కు జానెడు దూరంలో కారు ఆగిపోయింది.

వెనకే జీపు వచ్చింది. బురుల్ పిస్టల్ క్రోనర్ మెడ మీద ఉంది. బేడీలు పడ్డా అతని కళ్లు ట్యాబ్లెట్ మీదే. "లెక్క తప్పలేదు" అంటున్నాడు.

"తప్పు లెక్కది కాదు, పొగరుది" అంది బురుల్, కుబాత్ కట్లు కోస్తూ.

"క్షమించు చెల్లీ" అన్నాడు కుబాత్.

ఈలోగా సూటు వేసుకున్న అధికారి ఒకడు విసుగ్గా వచ్చాడు. "ఫొటోకి అడ్డం! కొంచెం ముందుకు నెట్టండయ్యా" అంటూ డిక్కీ మీద చెయ్యి వేశాడు.

"వద్దు!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు. అందరికంటే గట్టిగా అరిచింది క్రోనర్.