ఏడ్చే బెంచీ

"రేపు పొద్దున్న డ్యూటీ ఎక్కగానే ఆ బెంచీ వైరు కోసి పారేస్తాను! ఎవరు అడ్డొస్తారో నేనూ చూస్తాను!"

ఆయన కంచం ముందుకు తోసేశాడు. భోజనం సగంలోనే ఉంది. మంచినీళ్ల గ్లాసు దొర్లి బల్లంతా తడిసింది. కూతురు గుడ్ల నీళ్లు కుక్కుకుని గోడకి ఆనుకుని నిలబడిపోయింది. తల్లి గుడ్డ తెచ్చి బల్ల తుడుస్తూ ఒకసారి మొగుడి మొహం, ఒకసారి కూతురి మొహం చూసింది. ఎవరి వైపు మాట్లాడుతుంది? అసలు ఆ ఇంట్లో నోరు విప్పి మాట్లాడి ఎన్నాళ్లయిందో ఆ ఇల్లాలు!

"నాన్నా, రేపే మా వాళ్లు పరీక్షకి వస్తున్నారు. దాన్ని చూసే నాకు మార్కులు వెయ్యాలి. ఒక్క పూట ఓర్చుకో నాన్నా..."

"పూట కాదు, క్షణం కూడా ఓర్చుకోను! ఎవతో ఆ ఏడుపుగొట్టుది! పొద్దున్నుంచి చీకటి పడేదాకా నా చెవిలోనే ఏడుస్తోంది. మైకులో కూడా పడుతోందని మేనేజరు గొణుగుతున్నాడు. దాన్ని కట్టుకున్నవాడెవడో గానీ, పెళ్లాం ఏడుపు మాన్పించలేని చవట!"

కూతురు చటుక్కున తల్లి వైపు చూసింది. చూసి తల దించేసుకుంది. ఆ చూపు తల్లికి అర్థం కాలేదు.

పక్క వీధిలో ఉండే ఆడపడుచు కూడా ఆ మధ్యాహ్నం భోజనానికి వచ్చింది. ఆవిడకి అందులో తన వంతు ఉండాలి కదా!

"నేనూ కూర్చున్నానన్నయ్యా మొన్న. బండి రాలేదు, కాళ్లు లాగుతున్నాయి, సరే అని కూర్చున్నానో లేదో బావురుమంది! ఏమే తల్లీ, నా బరువుకా అని లేచి నిలబడ్డాను. చుట్టూ అందరూ ఒకటే నవ్వు! వదినా, బొమ్మలేసుకునే చదువంటే గుమ్మానికి రంగులేస్తుంది కాబోలనుకున్నాం. నీ కూతురు చెక్కల చేత ఏడిపిస్తోంది!"

ఆయన చెయ్యి కడుక్కుని మళ్లీ డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆయన గురించి చెప్పాలంటే, ఆయన బస్‌స్టేషన్లో మైకు దగ్గర పని చేస్తాడు. ఏ బండి ఎక్కడ నిలబడిందో, ఏది బయల్దేరుతోందో చెప్పేది ఆయనే. అందరూ మైకు మాస్టారంటారు. స్టేషనంతా మోగే ఆ గొంతు ఇంటికొస్తే ఇలా అరవడానికో, విసుక్కోవడానికో తప్ప పెగలదు. పెద్దాడు పోయిన దగ్గర్నుంచీ అంతే.

పెద్దాడంటే ఆ ఇంటికి దీపం లాంటి కొడుకు. పై ఊళ్లో ఉద్యోగం. రోజూ బస్సులో వెళ్లి వచ్చేవాడు. ఆ రోజు ఆలస్యమైంది. బండి కదిలిపోతోంది. పైన అద్దాల గదిలోంచి తండ్రి చూశాడు. "ఒరేయ్ పెద్దోడా, పరిగెత్తరా! డ్రైవరు గారూ, మావాడొస్తున్నాడు, కాస్త ఆపండి!" అని మైకులోనే కేకేశాడు. జనమంతా పకపకా నవ్వారు. వాడూ నవ్వుతూ పరిగెత్తి, ఫుట్‌బోర్డు మీంచి తండ్రికి చెయ్యి ఊపి ఎక్కాడు. ఆ బండే... ఘాట్ రోడ్డు మలుపులో... లోయలోకి...

ఇంటికి తెచ్చినప్పుడు ఆ తల్లి పెట్టిన మొదటి కేకకి, ఆ మనిషి రెండు చెవులూ మూసుకుని గోడ మూలకి పోయి, దెబ్బలకి భయపడిన పసివాడిలా ముడుచుకుపోయాడు! అది చూసిందావిడ. రెండో కేక గొంతులోనే ఆగిపోయింది. తను ఏడిస్తే ఆ ఏడుపులో ఆయనకి ఒక్క మాటే వినబడుతుందని ఆవిడకి తెలిసిపోయింది... నువ్వే పిలిచి ఎక్కించావు అని! ఆ మాట ఆవిడ అనలేదు, అనుకోనూ లేదు. అయినా సరే, ఇక ఈ ఇంట్లో తన ఏడుపు ఆయన చెవిన పడకూడదని కొడుకు పక్కన కూర్చునే ఒట్టు పెట్టుకుంది.

కానీ ఏడుపు ఒట్లు వింటుందా? ఆపుకోలేనప్పుడు వంటింట్లోకి పోయి, ఏమీ వెయ్యకుండానే మిక్సీ ఆన్ చేసేది. ఆ రొదలో కడుపారా ఏడ్చి, ఆపి, మొహం కడుక్కుని బయటికొచ్చేది. వట్టి గిన్నె తిరిగి తిరిగి మిక్సీ కాలిపోయేది. "రాళ్లు గానీ రుబ్బుతున్నావా ఏంటే?" అని విసుక్కుంటూ ఆయన రిపేరు షాపుకి మోసుకెళ్లేవాడు. "పాతదైపోయిందండీ" అనేది ఆవిడ. పాపం, ఆ మనిషికేం తెలుసు!

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యి అందరూ వెళ్లాక తల్లి కూతురి దగ్గరికొచ్చింది. "నన్నొకసారి తీసుకెళ్లవే. నువ్వు చేసిందేమిటో నా కళ్లతో చూస్తాను. బాగుంటే మీ నాన్నకి నేను చెబుతాను."

"నువ్వొద్దమ్మా!" కూతురు ఉలిక్కిపడింది. "నువ్వక్కడికి రాకు."

పెద్దాడు పోయాక తను ఆ స్టేషన్లో అడుగు పెట్టలేదు కదా, అందుకే బిడ్డ భయపడుతోందనుకుంది ఆ పిచ్చితల్లి. కూతురు కాలేజీకి వెళ్లగానే తలుపు తాళం వేసి, తనే బయల్దేరింది.

బెంచీ ఏడో ప్లాట్‌ఫారం దగ్గర, సరిగ్గా అద్దాల గది కిందే ఉంది. చూడ్డానికి మామూలు చెక్క బెంచీ, బూడిద రంగేసింది. వీపు ఆనుకునే చెక్క మీద మాత్రం ఒక అరచెయ్యి ఆకారం చెక్కి ఉంది. పక్కన చిన్న అట్ట మీద రాసింది... కూర్చోండి, చెయ్యి వెయ్యండి, తియ్యకండి. ఆ పిల్ల చదువే అది. గదిలో వేలాడదీసుకునే బొమ్మలు కావు, నలుగురూ తిరిగే చోట మనుషులు ముట్టుకుంటే పలికే వస్తువులు చెయ్యడం. చోటు కోసం మేనేజరుని బతిమాలింది తండ్రే. రంగులేసిన బెంచీ అనుకున్నాడు పాపం!

ఆవిడ కూర్చుంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత చెక్కలోంచి ఒక ఆడమనిషి ఏడుపు సన్నగా మొదలైంది. మాటల్లేవు. గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చే ఏడుపు. నడుమ ఠక్కున ఆగిపోతుంది. ఊపిరి కూడా ఉండదు. ఎవరైనా వస్తున్నారేమోనని చెవులు రిక్కించినట్టు... ఎవరూ రావడం లేదని తెలిశాక మళ్లీ మొదలు.

ఆవిడకి ఒళ్లంతా చల్లబడిపోయింది! అలా దొంగచాటుగా, ఆగి ఆగి ఏడ్చే మనిషి లోకంలో ఇంకెవరుంటారు? అది తనే! తన వంటిల్లే!

ఇద్దరు కుర్రాళ్లు వచ్చి పక్కన కూర్చుని, వెనక చెక్కకి చెవి ఆనించి, "చూడరా, బటన్ నొక్కినట్టు ఏడుస్తోంది!" అని నవ్వుకుంటూ పోయారు. ఆ నవ్వు చెంపదెబ్బలా తగిలింది. అంతలో పళ్ల బుట్ట దింపుకుని ఒకావిడ కూలబడింది. ఎవరితోనో ఫోన్లో వాదిస్తూనే చెయ్యి వెనక్కి పెట్టి ఆ అరచెయ్యి గుర్తులో ఆనించింది. "ఆఁ, రేపిస్తానన్నాను కదా... ఊరుకోవే తల్లీ, ఊరుకో... నిన్ను కాదు, ఇక్కడెవరో ఏడుస్తున్నారు" అంటోంది. ఏడుపు నెమ్మదించింది, ఎక్కిళ్లయింది, సన్నటి ఊపిరైంది, నిద్రపోయినట్టు సద్దుమణిగింది. ముక్కూ మొహం తెలియని ఆ చెయ్యి చెక్క మీదుందా, తన వీపు మీదుందా? ఆవిడకి తెలియలేదు...

"అమ్మా!"

కూతురు ఎదురుగా నిలబడి ఉంది. మొహం పాలిపోయింది.

"నా ఏడుపు తెచ్చి బజార్లో పెట్టావటే!" అంది తల్లి. "కడుపున పుట్టినదానివి... నన్నొక్క మాట అడగాలనిపించలేదూ?"

"అడిగితే నువ్వు ఏడవలేదంటావుగా అమ్మా!" కూతురు ఆవిడ మోకాళ్ల దగ్గర కూలబడింది. "పరీక్ష కోసం ఇంట్లో చప్పుళ్లు రికార్డు చేద్దామని వంటింటి అలమరలో మిషను పెట్టాను. గిన్నెలూ, తలుపులూ వస్తాయనుకున్నాను. ఆ రోజు మిక్సీ రిపేరు షాపులో ఉంది. ఇది వచ్చింది! విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఎన్నేళ్లుగా మన మిక్సీ ఎందుకు కాలిపోతోందో అప్పుడు తెలిసింది. గోడకి అవతల నేను, ఇవతల నువ్వు. లేచొచ్చి నీ మీద చెయ్యి వేద్దామంటే... నేను గుమ్మంలోకి రాగానే నువ్వు మొహం తుడుచుకుని, ఆకలేస్తోందా అంటావు! నేను వెయ్యలేని చెయ్యి ఇంకెవరైనా వేస్తారని..."

"మీ నాన్న..."

"నాన్న పోల్చుకోలేదమ్మా! ఇన్నాళ్లుగా వింటూనే ఉన్నాడు. ఎవతో అంటున్నాడు, విన్నావుగా!"

పోల్చుకోలేదు. అదే కదా తను కోరుకున్నది! తన ఏడుపు ఆయనకి తెలియకూడదనే కదా ఇంత కాలం నోరు కుట్టుకుంది! మరి గుండెల్లో ఈ కలుక్కుమనడం ఏమిటి?

"నువ్వు తీసెయ్యమంటే ఇప్పుడే తీసేస్తాను. పరీక్ష పోతే పోయింది" అంది కూతురు, కళ్లు తుడుచుకుంటూ.

తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది. లేచి ఇంటికొచ్చేసింది.

సాయంత్రం ఆయన డ్యూటీ దిగి రాగానే అలమరలన్నీ లాగి వెతకడం మొదలెట్టాడు. "కటింగ్ ప్లేయరు ఎక్కడ పెట్టావే?"

ఆవిడకి తెలుసు. తెలియదంటే సరిపోయేది. ఒక్కసారి కూతురి గది వైపు చూసింది. బిడ్డకి ఏడాది పోతే మరో ఏడాది వస్తుంది. ఆ ఏడుపు ఎవరిదో ఏదో ఒక రోజు పోల్చుకుని ఈ మనిషి గుండె పగిలితే అతుకు పడుతుందా? మంచం కింద పెట్టె లాగి, కటింగ్ ప్లేయరు తీసి, తన చేత్తోనే ఆయన చేతిలో పెట్టింది! గదిలోంచి కూతురు అది చూసింది. తలుపు దగ్గరికి వేసుకుంది. ఆ తలుపు చప్పుడు ఆ తల్లి ఎలా భరించిందో!

పొద్దున్న ఆయన వెళ్లాక ఆవిడ ఇంట్లో నిలవలేకపోయింది. ఉన్న చీరతోనే స్టేషన్‌కి పరుగు లాంటి నడక. వెళ్లేసరికి ఏడో ప్లాట్‌ఫారం దగ్గర జనం మూగి ఉన్నారు. పరీక్షకొచ్చిన ఇద్దరూ... ఒక కళ్లద్దాలాయన, ఒక పెద్దావిడ... బెంచీ ముందున్నారు. పెద్దావిడ కూర్చుని ఉంది. ఏడుపు వస్తోంది. ఆవిడ ఇంకా చెయ్యి వెయ్యలేదు.

"లేవండమ్మా! ఇక్కడ పరీక్షలూ లేవు, ఏమీ లేవు!" ఆయన జనాన్ని తోసుకుంటూ వచ్చి బెంచీ కిందకి వంగాడు.

"నాన్నా, ఒద్దు నాన్నా!"

కట్!

ఏడుపు సగంలో తెగిపోయింది. స్టేషనంతా ఒక్క క్షణం వెలితిగా అయిపోయింది. తల్లి అక్కడే, జనం వెనకాల నిలబడి ఉంది. ఎప్పుడూ అంతే... తన ఏడుపెప్పుడూ సగంలోనే ఆగింది! అడుగుల చప్పుడుకి ఆగింది, తలుపు చప్పుడుకి ఆగింది, ఇవాళ తనే అందించిన ఇనప ముక్కకి ఆగింది! లోపల ఎక్కడో ఏదో పుటుక్కుమంది. తెగిన చోటు నుంచే ఏడుపు మళ్లీ మొదలైంది. చెక్కలోంచి కాదు, ఆవిడ గొంతులోంచి!

జనం పక్కకి తప్పుకున్నారు. ఆవిడ నడిచొచ్చి బెంచీ మీద కూలబడి, "నా తండ్రీ... నా పెద్దోడా..." అని గొంతెత్తి ఏడ్చింది. నడుమ ఆగలేదు. ఎవరొస్తున్నారోనని వినలేదు.

ఆయన బెంచీ కిందనుంచి లేచాడు. ఆవిడ వైపు చూశాడు. తెగిన వైరు వైపు చూశాడు. ఇన్నాళ్లూ అద్దాల గదిలో చెవుల్లో గింగురుమన్న గొంతు... ఎవతో అని తిట్టిన గొంతు... కట్టుకున్నవాడు చవట అన్నది తననే! మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండు చేతులూ చెవుల దాకా లేచాయి. కానీ మూసుకోలేదు. అలాగే గాల్లో ఉండిపోయాయి.

"ఇంటికి పదవే" అన్నాడు, ఎవరికీ వినపడనంత సన్నగా.

"రాను" అందావిడ వెక్కుతూ. ఆ నోటి నుంచి ఆయన ఆ మాట వినడం అదే మొదలు. "ఏడవడం అయ్యాక వస్తాను."

కూతురు పరీక్ష వాళ్ల వైపు తిరిగింది. "ఇక ఇది పలకదండీ" అంది. కళ్లద్దాలాయన ఏదో అనబోతే పెద్దావిడ వారించి, లేచి తల్లికి చోటిచ్చింది. ఆ ఏడు ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోయింది. కానీ ఆ పూట అది ఎవరికీ తట్టలేదు. కూతురు వెళ్లి తల్లి వీపు మీద చెయ్యి వేసింది. ఆకలేస్తోందా అని తల్లి అడగలేదు.

ఆయన చేతులు దించాడు. తర్వాత బెంచీ రెండో చివర, ఒదిగి కూర్చున్నాడు. పైన అద్దాల గది ఖాళీగా ఉంది. బండ్లు వస్తున్నాయి, పోతున్నాయి, ఏది ఎక్కడికో చెప్పే గొంతు లేదు. జనం అటూ ఇటూ పరిగెత్తుతున్నారు, కండక్టర్లు కేకలేస్తున్నారు. సంచీ భుజానేసుకున్న ఒక ప్రయాణికుడు ఆయన్ని గుర్తుపట్టి రొప్పుతూ వచ్చాడు.

"ఇదేంటి మాస్టారూ, ఇక్కడ కూర్చున్నారు? మైకులో ఏమీ చెప్పరే! మా బండి ఎక్కడండీ?"

ఆయన తలెత్తాడు. రోజూ స్టేషనంతా మోగే ఆ గొంతు, పెద్దాడు పోయాక మొదటిసారి, వణికింది.

"కాస్త ఆగు బాబూ... మా అబ్బాయి చచ్చిపోయాడు. మా ఆవిడ ఏడుస్తోంది."