హాజరు పలకని డ్రైవ్

మూడో పిలుపుకూ డ్రైవ్ పలకలేదు. హాజరుపలక మీద "లేదు" అని ఎర్రగా వెలిగింది. యాకమ్మ దాని బంగారుపూత కొసలను రబ్బరుతో మెల్లగా రుద్ది, మరో గూటిలో పెట్టి చూసింది. అక్కడా అదే తంతు.

యంత్రాలు నేర్చిన పనిని దాచుకునే ఇలాంటి డ్రైవ్‌ల తయారీ ఆగి ఇరవై ఆరేళ్లయింది. నగరంలో తిరిగేవన్నీ చేతులు మారినవే. మూడు పిలుపులకు పలకనిది నలిగి పొడి కావడానికి పొడిమిల్లుకు పోవాలి. కాటేదాన్ పునర్వాడక కేంద్రంలో యాకమ్మ పదకొండేళ్లుగా చేస్తున్న పని ఇదే. అందులో ఆమెకు ఏనాడూ తప్పు కనిపించలేదు.

ఈ డ్రైవ్ ఎదురుగా కూర్చున్న లచ్చవ్వది. మగ్గం మీద సూదితో కుట్టుపని చేస్తుంది. ఆమె కుడిచెయ్యి యంత్రం. పొద్దున లేపేసరికి అది తన డ్రైవ్‌నే గుర్తించలేదు. ఇప్పుడు ఆ చెయ్యి బల్ల మీద మొద్దులా పడి ఉంది.

"వేరేది ఏస్తే పనిజేస్తది గదా అక్కా," అంది యాకమ్మ.

"చెయ్యి లేస్తది చెల్లె, సూది వట్టుడు రాదు. తొమ్మిదేండ్లు నేర్పిన దానికి. మల్ల మొదటికెల్లి నేర్పుదామంటే నాకు చూపేడున్నది? పని పోయినట్టే."

యాకమ్మకు ఒక సంగతి అంతుపట్టడం లేదు. చచ్చిన డ్రైవ్ కరెంటు తీసుకోదు. ఇది మాత్రం ఓసారి ఎక్కువ, ఓసారి తక్కువ తీసుకుంటోంది. డేటా తీగ పీకేసి, కరెంటు ఒక్కటే ఇచ్చి, మీటరు ముందు కూర్చుంది. నలభై ఒకటో సెకనుకు ముల్లు నిలకడపడింది. మళ్లీ చూసింది. మళ్లీ నలభై ఒకటే. అప్పుడు ఆమెకు అర్థమైంది. డ్రైవ్ ముసలిదైంది, అంతే. తనలో ఏది ఎక్కడుందో వెతుక్కోవడానికి దానికి అంతసేపు పడుతోంది. పిలిచే యంత్రమేమో తొమ్మిది సెకన్లు చూసి లేదు పొమ్మంటోంది.

ఆ తొమ్మిది సెకన్ల గడువు నగరంలోని యంత్రాలన్నిటికీ ఒకే పట్టికలో ఉంది. దిద్దే వీలు ప్రతి రిపేరుదారుకూ ఉన్నా, ఎవరూ దాని జోలికి పోరు. పోతే పేరు నమోదవుతుంది, ఉద్యోగం ఊడుతుంది. యాకమ్మ లచ్చవ్వ ముఖంలోకి చూసింది. తొమ్మిది కొట్టేసి అరవై రాసింది.

డ్రైవ్‌ను లచ్చవ్వ యంత్రపు చేతిలో బిగించి లేపింది. నలభై రెండో సెకనుకు బొటనవేలు, చూపుడువేలు దగ్గరికొచ్చి, లేని సూదిని ఒడుపుగా పట్టుకున్నాయి. లచ్చవ్వ ఎడమచేత్తో కళ్లు తుడుచుకుంది.

అంతలో పక్కగదిలో పొడిమిల్లు ఆగిపోయింది. నలిపే ముందు మిల్లు కూడా ప్రతి డ్రైవ్‌నూ చివరిసారి పిలుస్తుంది, అదే పట్టిక చూసి. పలికితే నలపకుండా ఆగిపోతుంది. సూపర్‌వైజర్ భిక్షపతి గబగబా వచ్చాడు.

"యాకమ్మా, మిల్లుల పోసిన డ్రైవులు నూటపన్నెండు హాజరు పలుకుతున్నయ్. పట్టిక ఎవరు ముట్టిన్రు?"

"నేనే సార్. అవి లేస్తుండె. మనమే ఆగకపోతిమి."

భిక్షపతి కోప్పడతాడనుకుంది. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మరి ఇన్నేండ్లసంది మనం పోసినయి?" అని అడిగాడు.

యాకమ్మ మిల్లు గది వైపు చూసింది. తన చేత్తో మిల్లులో పోసినవాటిలో ఎన్ని లేచేవో ఇక ఎవరికీ తెలియదు. ఆమెకు ఏడుపొచ్చింది.