పీపాకు చెప్పుకున్న మాట

బానబొజ్జవాడ! భక్తుల పాలిటి
వేల్ప! గజముఖమున వెలయు సామి!
పీపలోని కథకు పెద్దవై నిలువుము
చదువువారి నెల్ల సాకుమయ్య!

కొండవాలున ఒక ద్రాక్షతోట. తరతరాలుగా దానిని ఒకే కుటుంబం కంటికి రెప్పలా కాచుకుంటున్నది. ఆ ఇంటి నేలమాళిగలో, వరుసలు తీరిన కొయ్య పీపాలలో, లోకం రెడ్ వైన్ అని పిలుచుకునే ఎర్రని ద్రాక్షాసవం తపస్సు చేసుకుంటూ ఉంటుంది. దీపానికి ఎదురుగా పట్టుకుంటే మాణిక్యం. నాలుకపై వేసుకున్నవారు చాలాసేపటి దాకా మాట్లాడరు.

"ఆసవానికి చెవులున్నాయి. ఇంటి సంగతులు వింటేనే అది పక్వమవుతుంది" అని ఆ వంశపు మూలపురుషుడు శాసించి వెళ్లాడు. అది మొదలు ఆవు ఈనినా, అల్లుడు అలిగినా, కాలిలో ముల్లు దిగినా ముందుగా పీపాలకు విన్నవించుకోవలసిందే. పీపాలకు వరుసలు సైతం ఉన్నాయి. ఒకటి బాబాయి, ఒకటి మేనత్త, ఒకటి చిన్న తాతయ్య. అందరిలోకీ పెద్దది, లోపల మనిషి నిలబడి చేతులు చాపుకోగలిగినంత కడుపు గలది, పెద్దమ్మ.

పెద్దమ్మ కారుతున్నదని కబురంపితే పీపాల మేస్త్రి వచ్చాడు. యువకుడు, ఒడ్డూ పొడుగూ గలవాడు, కొయ్యసుత్తి తప్ప వేరొక ఆయుధం ఎరుగనివాడు. వస్తూనే పెద్దమ్మ నడుము మీద ధనాలున ఒక్కటిచ్చాడు.

"ఏవండోయ్! పెద్దావిణ్ణి పట్టుకుని అలా కొడతారేంటి?"

మెట్ల మీద ఆ ఇంటి అమ్మాయి. చేతిలో గాజు గ్లాసు, కన్నుల్లో నిప్పులు.

"పెద్దావిడా? ఎక్కడండీ?"

"మీ సుత్తి కింద. ముందు సారీ చెప్పండి."

"పీపాకా?"

"పెద్దమ్మకి."

మేస్త్రి అటూ ఇటూ చూసి చేతులు జోడించాడు. "సారీ, పెద్దమ్మా."

అమ్మాయి నోటికి చేయి అడ్డం పెట్టుకుని, ఇల్లంతా వినబడే రహస్యస్వరంతో పీపాకు విన్నవించింది. "పెద్దమ్మా, ఈయన మొహం నానబెట్టిన బిరడాలా ఉంది కదూ?"

"ఏంటీ!"

"కోప్పడకూడదు. పీపాకి చెప్పుకున్న మాట విని ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. మా ఇంటి రూలు."

"నాకు వినబడేలా చెప్పారుగా!"

"వినచ్చు. కోప్పడకూడదు."

మేస్త్రి సుత్తి కింద పెట్టి తానూ పీపా వైపు వంగాడు. "పెద్దమ్మా, ఈవిడకి కోపమొస్తే ముక్కు ద్రాక్షపండులా అయిపోతోంది. ఎంత బాగుందో!"

బయట వాన మొదలైంది. కోప్పడటానికి రూలు ఒప్పక, నవ్వడానికి మనసొప్పక, అమ్మాయి గబగబా మెట్లెక్కి వెళ్లిపోయింది.

పెద్దమ్మ కారడం మర్నాటికే ఆగిపోయింది. మేస్త్రి మాత్రం ఆగలేదు. బాబాయికి ఇనుప కట్లు బిగించాడు. మేనత్తకు వదులు చేసి మళ్లీ బిగించాడు.

"అత్తయ్యకి నిన్ననేగా బిగించావు?" అమ్మాయి నిలదీసింది. అప్పటికి 'మీరు' అన్నది ఎక్కడో జారిపోయింది.

"వానకి కొయ్య ఉబ్బుతుంది."

"నేలమాళిగలో వానేంటి?"

"పడుతోంది మరి. నువ్వు మెట్లు దిగినప్పుడల్లా."

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం, పెరట్లో ఇనుప కట్లు సరిచేస్తున్న మేస్త్రి దగ్గరికి అమ్మాయి కళ్లు ఎర్రబడి వచ్చింది.

"బిరడాల కంపెనీ వాళ్లు ఇవాళే వస్తున్నారు. నన్ను వాళ్లబ్బాయికిస్తానని నాన్న మాటిచ్చేస్తారు. ఇంక నువ్వూ లేవు, తోటా లేదు."

"ఇష్టం లేదని చెప్పలేదా?"

"చెప్పాను. పెద్దమ్మకి."

"మీ నాన్నకి?"

"మా ఇంట్లో ఎదురెదురుగా ఎవరు మాట్లాడుకుంటారు? నువ్వే అడుగు."

"బాబోయ్! ఆయన్ని చూస్తే నా నోటికి బిరడా పడిపోతుంది."

అది నిజమే. యజమాని పీపాలతో గంటల తరబడి ముచ్చటించేవాడు. మనుషులతో మాత్రం "ఊఁ" అనేవాడు.

అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే వెళ్లి పెద్దమ్మకి చెప్పు. నోరు తిరుగుతుంది. ఇప్పుడే వెళ్లు!" అని నేలమాళిగ మెట్ల మీదికి నెట్టింది.

ఆ ఉదయమే పెద్దమ్మలోని ఆసవాన్ని వేరే పీపాలలోకి తోడారు. కడగడానికి అడుగున ఉన్న చిన్న తలుపు ఓరగా తెరిచి ఉన్నది. తెరిచిన తలుపును చూస్తే పీపాల వాడి చేయి ఊరుకోదు. మేస్త్రి దానిని మూసి, మర బిగించి, రెండు దెబ్బలు కూడా వేసి, అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"పెద్దమ్మా! మీ ఇంటి అమ్మాయిని ప్రేమిస్తున్నాను."

పెద్దమ్మను కడిగే భాగ్యం ఆ ఇంట యజమానికి ఒక్కడికే ఉన్నది. ఆయన ఆ సమయాన చీపురు పట్టుకుని లోపలనే ఉన్నాడు. తలుపు మూశారని అరవబోయినవాడల్లా ఆ మాట విని ఆగిపోయాడు. పీపాకు చెప్పుకున్న మాట! కోపగించరాదు. పొద్దస్తమానం ఆ రూలును ఇంటిల్లిపాదికీ వల్లించేది తానే. ఇక మిగిలిన దారి ఒక్కటే, పెద్దమ్మ కావడం.

"ఎవడ్రా నువ్వు?" పైనున్న బిరడా రంధ్రంలోంచి గంభీరనాదం వెలువడింది.

మేస్త్రి గబుక్కున సుత్తిని వీపు వెనక దాచుకున్నాడు. "పెద్దమ్మా! మీది... మగ గొంతా?"

"జలుబు! అన్నాళ్లు కారలేదూ?"

ఆ ఇంట కొన్నాళ్లు మసలినవారికి ఈ సమాధానం సబబుగానే తోస్తుంది. మేస్త్రి తల ఊపాడు.

"పెళ్లాడి పిల్లనెక్కడికి తీసుకుపోతావు?"

"ఎక్కడికీ పోను పెద్దమ్మా. ఈ తోట వదిలితే ఆమె బతకలేదు. నేనే ఇక్కడుండి మీ కట్లు బిగించుకుంటాను."

"ఈ మాట వాళ్ల నాన్నకి చెప్పవేం?"

"ఆయన మనుషులతో మాట్లాడరుగా! అన్నం దగ్గర ఆమె నోరు తెరుస్తుంది. ఆయన 'ఊఁ' అంటారు. ఆమె మూసేసుకుంటుంది. ఈ పెళ్లి మాట పుట్టినప్పటి నుంచీ వచ్చి మిమ్మల్ని పట్టుకుని ఏడ్చేది. నిజానికి మీరు కారలేదు పెద్దమ్మా. ఆ తడి రుచి చూశాను. ఉప్పగా ఉంది."

పీపాలో చీపురు జారిపడిన చప్పుడైంది.

"ఒప్పుకున్నాను" అన్నది పెద్దమ్మ, ఈసారి నిజంగానే జలుబు చేసినట్టు. "తలుపు తియ్యి."

"ఎందుకు పెద్దమ్మా? కడుపులో ఏముందిప్పుడు?"

"నీకు కాబోయే మామగారున్నారురా!"

మర ఊడదీసేసరికి యజమాని బయటికి వచ్చాడు. ఆపాదమస్తకం దానిమ్మగింజ రంగు. మెట్ల మీద కూతురు నిలబడి ఉన్నది. ఆయన నోట అలవాటుగా "ఊఁ" వచ్చింది. దానిని మింగేశాడు.

"నీకేం కావాలమ్మా? నాకే చెప్పు."

"అతను కావాలి నాన్నా. ఈ తోట కూడా."

"నేను లోపలున్నానని తెలిసే పంపావా?"

"పెద్దమ్మకి చెప్పమన్నాను. పెద్దమ్మలో ఎవరున్నారో అతను అడగలేదు."

అంతలో అమ్మాయి నాయనమ్మ వెంట బిరడాల కంపెనీ తండ్రీకొడుకులు దిగివచ్చారు. ఎర్రని యజమాని వారి వంక చూడక, బాబాయి పీపా వైపు తిరిగాడు.

"బాబాయ్, ఈ సంబంధం మాకు కుదరదు."

"పీపాకి చెప్పాడు. ఎవరూ కోప్పడకూడదు" అని నాయనమ్మ రూలు వినిపించింది.

పెళ్లికొడుకు మెల్లగా మేనత్త పీపా మీదికి వంగాడు. "థాంక్స్ అత్తయ్యా. నేను వేరే అమ్మాయిని ప్రేమిస్తున్నాను. మా నాన్నకి చెప్పలేక చస్తున్నాను."

"ఏంట్రా!" అన్నాడు అతని తండ్రి.

"కోప్పడకూడదు!" అన్నారు అందరూ ఏకకంఠంతో.

ఆ ఏడాది నుండి ఆ ఇంట భోజనాల వద్ద మాటలు మొదలైనాయి. ఇక పీపాలకు వార్తలెవరు మోస్తారని నాయనమ్మ దిగులుపడింది గాని, కొత్త దంపతుల కలహాలే పెద్దమ్మకు చాలినన్ని దొరికాయి. ఆ ఆసవం ఎన్నడూ లేనంత చిక్కగా పండింది.

ఈ కథ చదివినవారికీ, చదువగా విన్నవారికీ, మనసులోని మాటను చెప్పవలసిన వారికే చెప్పుకోగల ధైర్యమూ, విని కోపగించని పెద్దలూ లభింతురు గాక! బానబొజ్జ సామి వారి ఇండ్లను చల్లగా కాచుగాక!