ట్రైలర్ విప్పేసి వెళ్లిన మనిషి

ఛార్జింగ్ పెట్టుకొస్తానని పొద్దున వెళ్లిన ట్రక్కు మధ్యాహ్నం దాటినా తిరిగి రాలేదు! బండి వెనక తగిలించుకు తిరిగే ఇల్లులాంటి ట్రైలర్ మెట్టు మీద కూర్చుని ఆర్డిత్ ఎదురుచూస్తోంది. భర్త వెర్లిన్‌కి ఫోన్ చేద్దామంటే, ఆ మహానుభావుడి ఫోను లోపల పొయ్యి పక్కనే మోగుతోంది. ఏం చేస్తుంది పాపం... బంగాళాదుంపల సలాడ్ మీద మూత తీయడం, మళ్లీ పెట్టడం, రోడ్డు వంక చూడడం. పొద్దుటి నుంచీ ఇదే పని.

అసలు కరెంటు ట్రక్కుతో ట్రైలర్ లాగడమంటేనే తలనొప్పి. వెనక అంత బరువు తగిలిస్తే సగం దూరానికే బ్యాటరీ నీరసపడిపోతుంది. ప్రయాణికులు ట్రైలర్లు నిలుపుకునే ఈ క్యాంపుగ్రౌండ్‌లో ప్రతి ట్రైలర్ పక్కనా కరెంటు పెట్టె ఉంది గానీ, తీగలు పాతవి, బండ్లకి పెట్టొద్దని బోర్డు కట్టారు. ఇక హైవే మీది ఛార్జింగ్ స్టేషనే గతి. అక్కడి చోట్లు ఒంటి బండికే సరిపోతాయి. ట్రైలర్‌తో దూరితే నలుగురికీ అడ్డం, నలుగురి చేతా మాటలు. అందుకని ట్రైలర్ విప్పి ఇక్కడే వదిలేసి, ఉత్త ట్రక్కుతో వెళ్లి ఛార్జింగ్ నింపుకుని, వచ్చి మళ్లీ తగిలించుకోవడం అందరూ చేసే పనే. వెర్లిన్ కూడా అలాగే కొక్కెం విప్పాడు. ఇట్టే వచ్చేస్తానన్నాడు. నేనూ వస్తానని ఆర్డిత్ అంటే, కాపలా ఎందుకు, నేనేం పసివాడినా అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆవిడ ఆగిపోయింది.

పక్క ట్రైలర్ బెర్నీస్ కాఫీ కప్పుతో వచ్చింది. "మా ఆయన డీజిల్ బండి ఉత్త తాగుబోతుది గానీ, మీదానిలా పూటకోసారి పుట్టింటికి పోదమ్మా" అని వేళాకోళమాడబోయి, ఆర్డిత్ ముఖం చూసి నోరు మూసుకుంది. పోలీసులకి చెబుదామంది. ఆర్డిత్ వద్దంది. చెబితే, ఆయనకి ఏమైనా జబ్బుందా అని అడుగుతారు కదా!

ఉంది. ఆవిడొక్కతే మోస్తున్న రహస్యం అది. ఏడాదిగా వెర్లిన్ మతిమరుపుతో అడిగిందే అడుగుతున్నాడు. ఎదురొచ్చిన వాళ్ల పేర్లు ఆవిడ ఆయన చెవిలో వేస్తుంది. చర్చిలో పాటల పుస్తకంలో పేజీ తీసి చేతిలో పెడుతుంది. కూతురు హైడీ అనుమానపడి అడిగితే, మీ నాన్నకేం, నిక్షేపంలా ఉన్నాడని కసిరేసింది. తప్పే! కాదనను. కానీ ఆయన ఎవరనుకున్నారు? అమెరికాలో నెబ్రాస్కా మంచు తుపానుల్లో రోడ్ల మీద మంచు తోసే బండి నడిపిన మనిషి. కళ్లు పొడుచుకున్నా దారి కనబడని రాత్రుళ్లలో పురుడొచ్చిన ఆడవాళ్లకి ముందు దారి చేస్తూ వెళ్లిన మనిషి. అలాంటి వాడితో ఇక నువ్వు బండి నడపొద్దని ఏ నోటితో చెబుతుంది? ఈ ఒక్క ప్రయాణం కానివ్వనీ, తర్వాత చెబుదామనుకుంది...

అప్పుడు హైడీ ఫోన్ చేసింది.

"అమ్మా, నాన్న ఇక్కడున్నాడు. కీర్నీలో, మీ ఇంట్లో. మొక్కలకి నీళ్లు పోద్దామని వచ్చాను. బల్ల దగ్గర కూర్చుని, మీ అమ్మ ఇంకా రాలేదేంటే అని నన్నే అడుగుతున్నాడు."

ఆర్డిత్‌కి అంతా తెలిసిపోయింది. ట్రక్కు నిండా ఛార్జింగ్ ఎక్కింది. వెనక బరువు లేదు. అలవాటైన హైవే నేరుగా ఇంటికి తీసుకుపోయింది. ట్రైలర్ ఉండి ఉంటే మధ్యలో ఎక్కడో ఆగక తప్పేది కాదు. ఆగి ఉంటే గుర్తొచ్చేదేమో! ఆగే అవసరమే లేకుండా పోయింది.

ఎన్నాళ్ల నుంచి ఇలా అని హైడీ అడిగింది. ఆర్డిత్ ఏడుపు విని, ఇంకేమీ అడగకుండా బయల్దేరి వస్తున్నామంది.

దారిలో మళ్లీ ఛార్జింగ్ నింపుకుని, పొద్దు వాలుతుండగా ట్రక్కు వచ్చి ఆగింది. నడిపింది వెర్లినే! తాళం ఇమ్మంటే పెద్ద రభస చేశాడట. హైడీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పక్కన కూర్చుని వచ్చింది. దిగీ దిగగానే తల్లిని పక్కకి లాగింది.

"ఇవాళ తాళం తీసుకోవాల్సిందే అమ్మా. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

ఆర్డిత్ జవాబు చెప్పేలోగా వెర్లిన్ విప్పేసి ఉన్న ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగాడు. కొక్కెం మీద చెయ్యి వేసి చూశాడు. ఏదో తెలిసింది ఆయనకి. ముఖం పాలిపోయింది.

"ఆర్డిత్... నిన్నిక్కడ వదిలేసి వెళ్లిపోయానా?"

అవునని ఒక్క మాటంటే పని అయిపోతుంది. హైడీ కూడా ఆ మాట కోసమే చూస్తోంది. కానీ ఆ కళ్లలో భయం చూస్తూ ఏ భార్య అనగలదండీ!

"లేదు. నేనే నిన్ను ఇంటికెళ్లమన్నాను. ఎందుకు పంపానో నాకే గుర్తు లేదు వెర్లిన్. ఈ మధ్య అన్నీ మర్చిపోతున్నాను. నీకు చెప్పడానికి భయమేసి దాచాను."

హైడీ నోరు తెరవబోయింది. తల్లి ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది.

వెర్లిన్ భయం మెల్లగా జాలిగా మారింది. దగ్గరికొచ్చి ఆవిడ నుదుట చెదిరిన జుట్టు సరిచేశాడు.

"నాకెందుకు చెప్పలేదే పిచ్చిదానా? ఇన్నాళ్లూ ఒక్కదానివే పడ్డావా?"

అంటూ కళ్లు తుడుచుకుని కూతురి వైపు తిరిగాడు. జేబులోంచి తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇకనుంచి బండి నువ్వు నడుపమ్మా. మీ అమ్మని ఒక్క క్షణం వదలకూడదు. నేను వెనక సీట్లో దీని పక్కనే కూర్చోవాలి."

హైడీ తాళం జేబులో వేసుకుంది. ఇన్నాళ్లూ తండ్రి కోసం అబద్ధాలాడినందుకు తల్లి మీద దారంతా లోలోపల మండిపడుతూ వచ్చిన పిల్ల, ఇప్పుడు ఆవిడ మెడ కౌగిలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కూతురే ట్రైలర్ తగిలించింది. వెర్లిన్ భార్యని జాగ్రత్తగా వెనక సీటెక్కించి, చంటిపిల్లకి పెట్టినట్టు బెల్టు పెట్టి, ఆవిడ చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"మనం ఇంటికెళ్తున్నాం ఆర్డిత్. కీర్నీ. గుర్తుందా?"

"లేదు," అంది ఆర్డిత్, ఆయన భుజం మీద తల వాల్చి. "నువ్వే చెప్పు."