ఉదరజలం

"ఊపిరి తియ్యి చిన్నమ్మా. ఇప్పుడు మెల్లగా వదులు."

పైడితల్లి వదిలింది. ఆమె పొత్తికడుపులో ఈదుతూ జబ్బును వెతికే ఈతసూది ఉదరజలంతోపాటు కుడిపక్కగా పైకి తేలింది. ఊరి ఆరోగ్య కార్యకర్త గౌరీశ్వరి తెరమీద దాని వెలుగును వెంబడించింది. ఈ వారంలో ఇది పదకొండో కడుపు.

అండాశయం దగ్గర క్యాన్సరు కణాలు ఊడి, గుంపుకట్టి, నీటిలో తేలుతున్నాయి. వాటికి రక్తనాళాల దారే అక్కర్లేదు. మనిషి తీసి వదిలే ఊపిరే వాటిని పైకి లాగుతుంది. కొన్ని పేగులమీది కొవ్వుపొరను పట్టుకుని, దాన్నే తిని పెరుగుతున్నాయి. మరికొన్ని కాలేయం పైన ఇసక రేణువుల్లా అంటుకున్నాయి.

"ఏటే గుంటా, మాటాడవు? కడుపులో సేపలున్నాయేటి?"

గౌరీశ్వరి నవ్వలేకపోయింది. జబ్బు వయసు కట్టే కాలగణని లెక్క తేల్చింది: వ్యాప్తి వయసు పద్నాలుగు నెలలు. ఆ లెక్క దిగువన కిందటేటి ఇంటింటి విచారణ తెరుచుకుంది. ఉబ్బరం: లేదు. నాలుగు ముద్దలకే కడుపు నిండడం: లేదు. మాటిమాటికీ మూత్రం: లేదు. ఆ జవాబుల వల్లే పైడితల్లికి అప్పట్లో ఈతసూది వంతు రాలేదు. ఆలస్యానికి కారణాన్ని యంత్రమే పూరించి పెట్టింది: రోగి దాచింది. గౌరీశ్వరి వేలిముద్ర వేస్తే చాలు.

విచారణకు వెళ్లిన రోజు పైడితల్లి మొగుడు, మరిది గుమ్మంలోనే కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు. వాళ్ల ముందు పొత్తికడుపు మాట ఎత్తలేక గౌరీశ్వరి మంచినీళ్లు తాగి వచ్చేసింది. దారిలో తనే మూడు గళ్లలోనూ ‘లేదు’ అని నింపింది. అన్ని ఇళ్లకూ అంతే.

"చిన్నమ్మా, కిందటేడు నీకు కడుపుబ్బరం ఉండేదా?"

"ఉండకేటి? నాలుగు గుక్కలు అంబలి తాగితే నిండిపోయీది. నువ్వొచ్చిన్నాడు సెబుదావనుకున్నాను. నువ్వడగనేదు."

"సిగ్గేసింది."

"సదువుకున్నదానివి, నీకే సిగ్గైతే మరి నాకో?"

గౌరీశ్వరి తల ఎత్తలేదు. "జబ్బు కడుపులో పాకింది చిన్నమ్మా. ఆపరేషనుంది, మందులున్నాయి. కానీ అప్పుడే అడిగుంటే ముందే దొరికేదేమో. తప్పు నాది."

‘రోగి దాచింది’ చెరిపి ‘నేను అడగలేదు’ అని రాసింది.

‘ఈ ఒక్కరినేనా?’ అని యంత్రం ప్రశ్నించింది.

‘ఎవర్నీ అడగలేదు.’

ఊరి పటంలో జబ్బు లేదని చూపే పచ్చచుక్కలు ఇంటింటికీ ఆరిపోయాయి. ఆ ‘లేదు’లతోనే పాఠం నేర్చుకున్న యంత్రం పక్క ఊళ్ల చుక్కలనూ అనుమానించి చెరపసాగింది. పైఅధికారి నుంచి ఫోను మోగుతూనే ఉంది. ఆమె ఎత్తలేదు.

పైడితల్లి కుచ్చిళ్లు సర్దుకుని లేచింది.

"మా తోటికోడలికీ ఉబ్బరమేనే," అంది. "పద, ఇప్పుడే అడుగుదువు గాని. దాని మొగుడు పక్కనే ఉన్నా అడుగు."