కొనే కాటా, అమ్మే కాటా

భీమశంకరం మొదటిసారి వరలక్ష్మి కాళ్ళ దగ్గర పడింది ప్రేమతో కాదు, సర్వాంగాసనంతో.

బస్తర్ సంస్థానం రోజులు. భోపాలపట్నం సేట్లకి ఆ ఏడు ఒళ్ళు తగ్గించుకోవాలన్న బుద్ధి పుట్టింది. వరంగల్లు నుంచి డ్రిల్లు మాస్టారు నరసింహులుని పిలిపించి, ఉప్పు గోదాములో ఆసనాల క్లాసు పెట్టించారు. తడికకి ఇవతల మగవాళ్ళు, అవతల ఆడవాళ్ళు. అవతల నేర్పేది మాస్టారి కూతురు వరలక్ష్మి. ఉప్పు కొట్టు సేటు కొడుకు భీమశంకరం కాళ్ళు పైకెత్తాడు. అవి గాల్లో కాసేపు ఊగి, తడిక మీదికి వాలాయి. తడికతో సహా వెళ్ళి అవతల తేలాడు.

"ఏంది చిన్న సేటూ, తలుపు కొట్టి రావొద్దా?" అంది వరలక్ష్మి.

"తలుపు యాడుందండీ?"

"ఇందాకటిదాకా లేదు. ఇప్పుడు మీరే పెట్టిన్రు."

ఆడవాళ్ళంతా నోట్లో పైటచెంగులు కుక్కుకున్నారు. వరలక్ష్మి నవ్వలేదు గానీ ఆమె కళ్ళు నవ్వాయి. అంతే, మనవాడి పని అయిపోయింది. మర్నాటి నుంచి జడివానలో కూడా అందరికంటే ముందు గోదాము దగ్గర తయారు.

సేట్లది ఒకటే మాట. వానలు వెనకబట్టేసరికి ఒక్కడైనా తగ్గి కనిపిస్తే క్లాసు ఉంటుంది, లేదంటే మాస్టారు బండి కట్టుకోవాలి. ఆయనతో వరలక్ష్మీ వెళ్ళిపోతుంది. అది తలుచుకుంటే భీమశంకరానికి దిగులేసేది. దిగులేస్తే ఆకలేసేది. వాళ్ళమ్మ గారెలు వండేది.

తూకం రోజు రానే వచ్చింది. కొట్టు ముందు ఊరంతా ఉంది. మొదట్లో అతన్ని తూచిన కాటా మీద ఉప్పు బస్తాలున్నాయి. అతని తండ్రి పెద్ద సేటు అలవాటు కొద్దీ ఇంకో కాటా బయటికి తీయించాడు. భీమశంకరం ఎక్కాడు. అవతలి పళ్ళెంలోంచి తూకం రాళ్ళు తీసేకొద్దీ ఇంకా తీయాల్సి వచ్చింది.

"అబ్బో! సగం మనిషి కరిగిండు!" అన్నారు జనం.

మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. వరలక్ష్మి భీమశంకరం వైపు చూసిన చూపుకి, ఆ రోజంతా కాటా మీదే కూర్చోవచ్చనిపించింది. కానీ ఆ కాటా సంగతి అతనికి తెలుసు. నోరు మూసుకుంటే ఆమె ఉంటుంది. నోరు విప్పితే నాన్న పరువు పోతుంది, ఆమె కూడా వెళ్ళిపోతుంది. ఇంత పెద్ద ఒంట్లో ఆ ఒక్క అబద్ధం మాత్రం ఇమడలేదు.

"మాస్టారూ, నేను తగ్గలే," అన్నాడు. "మొదట ఎక్కింది మేం అమ్మే కాటా, ఎక్కువ చూపిస్తది. ఇది కొనే కాటా. దీని మీద అడివి నుంచి పొజ్జే తెచ్చి మాకమ్మే ఇప్పపువ్వు కూడా తగ్గుద్ది."

జనంలో పువ్వు గంపతో నిలబడ్డ పొజ్జే నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నా పువ్వు ఆసనాలు కూడా ఎయ్యలే గదా సేటూ!"

పెద్ద సేటు తల వంచుకున్నాడు. భీమశంకరం దిగి, కొనే కాటా తాళ్ళు తానే కోసేశాడు. మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"ఒళ్ళు తగ్గకున్నా నిజం చెప్పే శిష్యుడు దొరికిండు. ఈ పిలగాడు నిజంగ తగ్గేదాకా నేను ఊరు కదల."

అడ్డం చెప్పడానికి ఏ సేటుకీ మొహం చెల్లలేదు. వాళ్ళ కొట్లలోనూ రెండేసి కాటాలున్నాయి మరి.

"అట్లయితే నాయినా, మనం జన్మంతా ఈడనే," అంది వరలక్ష్మి.

మర్నాడు పొద్దున కొత్త తడిక కింద నుంచి ఓ గిన్నె ఇవతలికి జరిగింది. నిండా సున్నుండలు.

"ఇదేందండీ? నేను తగ్గాలె గదా?" అన్నాడు భీమశంకరం గుసగుసగా.

"తగ్గినవంటే ఊకోను. నువ్వు తగ్గితే మా నాయిన బండి కడతడు. తిను."

అతను ఒకటి నోట్లో వేసుకున్నాడు. నోట్లో సున్నుండ ఉండగానే అడిగేశాడు. "అయితే మీ నాయినతోని మాట్లాడమంటవా?"

తడిక అవతల గాజులు గలగలలాడాయి.

"మాట్లాడు," అంది వరలక్ష్మి. "ముందు ఆ నోట్లోది మింగు."